తొందర లేని వారికే అరకు దారి

వానలు వెనుకకు తగ్గి, చలి ఇంకా పూర్తిగా రాని కాలము మన ఉత్తరాంధ్రలో రెండు నెలలు ఉంటుంది. అక్టోబరు, నవంబరు. పల్లములో వరి వెన్ను తీసి గింజ పాలుపోసుకుంటుంది. ఏటి గట్ల మీద రెల్లు తెల్లగా పూస్తుంది. పిల్లలకు బడి సెలవులు వస్తాయి. సరిగ్గా ఈ రోజులలోనే మన పల్లెలలో ఒక మాట వినబడుతుంది: "ఈసారి పిల్లలకు అరకు చూపిద్దామా?"

నాలుగైదు ఇళ్లవారు కలిసి డబ్బు పోగుచేసుకుంటారు. ఒక వ్యాను మాట్లాడుకుంటారు. పులిహోర కలిపి గిన్నెలకు ఎత్తుకుని తెల్లవారకముందే బయలుదేరుతారు. సంవత్సరమంతా పొలము పనిలోనో, కూలి పనిలోనో గడిపే కుటుంబమునకు అది ఒక్కరోజు పండుగ. వెళ్లవలసినదే. చూడవలసినదే.

అయితే ఆ కొండదారిలో వాతావరణము గంటకొక తీరుగా మారుతుంది. ఒక మలుపులో ఎండ, రెండవ మలుపులో మంచు, మూడవ మలుపులో వాన. దానిని మార్చుట మన వల్ల కాదు. మన చేతిలో ఉన్నది మన తొందర ఒక్కటే. దానిని ఇంటిలో వదిలి వెళ్లిన వారికే ఆ దారి అందము కనబడుతుంది, వారే క్షేమముగా తిరిగి వస్తారు. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఇదే.

దారి ఎటువంటిది?

విశాఖపట్నము నుండి అరకు లోయకు రోడ్డు మార్గమున సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట వరకు దారి మైదానములోనే సాగుతుంది. కోట దాటి కొంత దూరము పోయిన తరువాత కొండ మొదలవుతుంది. అక్కడి నుండి టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట మీదుగా పాము మెలికల వలె దారి పైకి పోతుంది. అనంతగిరి మండలములోనే ప్రధాన రహదారి విడిచి పక్కకు దిగితే బొర్రా గుహలు ఉన్నాయి. అవి సున్నపురాతి గుహలు. వేల సంవత్సరములుగా చుక్క చుక్కగా కారిన నీరే లోపల ఆ రాతి స్తంభములను, రాతి తోరణములను కట్టింది. గోస్తనీ నది ఆ గుహల ప్రాంతము నుండే ప్రవహించి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్నము వద్ద సముద్రములో కలుస్తుంది. విశాఖ నగరములో చాలా ఇళ్లకు చేరే మంచినీటిలో ఆ కొండల నీరు కూడ ఉన్నదని పిల్లలకు చెప్పండి.

అరకు లోయ సముద్ర మట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. కాని దారి నేరుగా లోయకు చేరదు. ముందు అంతకంటె ఎత్తయిన గాలికొండ భుజము మీదకు ఎక్కి, ఆ తరువాత లోయలోనికి దిగుతుంది. అందువలన తిరుగు ప్రయాణములో కూడ ముందు ఎక్కాలి, తరువాత చాలాసేపు దిగాలి. డ్రైవరు అలసిపోయి, పిల్లలు నిద్రకు తూగే వేళకు ఆ దిగుడు వస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకొనుట మంచిది.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుండి అరకు, అనంతగిరి మండలములు పాడేరు కేంద్రముగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి.

గంటకొక వాతావరణము ఎందుకు?

పైకి పోయిన కొద్దీ గాలి చల్లబడుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుందని లెక్క. విశాఖలో చెమట పట్టిస్తున్న గాలే గాలికొండ మీద చలి పుట్టించుటకు కారణము ఇదే.

బంగాళాఖాతము మీద నుండి తేమతో వచ్చే గాలికి ఈ కొండలు అడ్డము నిలుస్తాయి. గాలి కొండ వాలు మీదుగా పైకి ఎగబ్రాకి చల్లబడుతుంది. చల్లబడిన గాలి అంత తేమను మోయలేదు. అది సన్నని నీటి తుంపరలుగా మారుతుంది. క్రింద నిలబడి చూసినవారు దానిని మేఘము అంటారు. ఆ మేఘములో నుండి వెళ్లేవారు మంచు అంటారు. రెండూ ఒకటే.

లోయలో తెల్లవారుజామున కనబడే మంచు వేరు. ఆకాశము నిర్మలముగా ఉన్న రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. చల్లని గాలి బరువైనది గనుక వాలు వెంట జారి లోయ అడుగున చేరి, చెరువులో నీరు నిలిచినట్లు నిలుస్తుంది. అందులోని తేమ మంచుగా కడుతుంది. ఎండ ఎక్కిన కొద్దీ అది కరిగిపోతుంది. పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కినవారికి తెల్లవారుజామున కాళ్ల క్రింద పాలసముద్రము వలె కనబడేది ఈ మంచే.

ఇక మూడవది వాన. నైరుతి ఋతుపవనము వెనుకకు మళ్లే కాలము, బంగాళాఖాతములో వాయుగుండములు పుట్టే కాలము ఒకటే. ఉదయము నిర్మలముగా ఉన్న ఆకాశము మధ్యాహ్నము దాటేసరికి నల్లబడి ఒక జల్లు కురిసి పోవుట ఇక్కడ మామూలు. అందుచేత ఉదయము చూసిన ఆకాశమును నమ్మి సాయంత్రపు ప్రయాణము నిర్ణయించకూడదు.

శరత్కాలపు రంగులు

చలి దేశములలో ఈ కాలమున చెట్ల ఆకులు ఎర్రగా మారి రాలుతాయి. ఆ దృశ్యమును క్యాలెండర్లలో చూసి మన కొండలలో కూడ అటువంటిదే ఉంటుందని కొందరు అనుకుంటారు. మన కొండల రంగు ఆకులలో కాదు, పంటలో ఉన్నది. వానలు తగ్గే వేళకు వలిసెలు పూస్తాయి. అరకు లోయలో, పాడేరు వైపున, వాలు పొలములన్నీ పసుపు ఆరబోసినట్లు కనబడతాయి. వలిసె గింజ చిన్నది, నల్లనిది. దాని నుండి నూనె తీస్తారు. పక్కనే మడులలో వరి పచ్చదనము విడిచి బంగారు రంగుకు తిరుగుతుంది. మెట్టలలో చోళ్లు, సామలు కోతకు వస్తాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ కాయలు ఒక్కొక్కటిగా ఎర్రబడతాయి. ఆ చెట్ల మొదళ్లకే మిరియాల తీగలు ప్రాకి ఉంటాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఒక విన్నపము. ఆ పసుపు పూల మధ్య నిలబడి ఫొటో తీయించుకోవాలని అందరికీ ఉంటుంది. కాని అది తోట కాదు, ఒక గిరిజన కుటుంబము సంవత్సరపు ఆదాయము. మన వరి చేనిలో పది మంది దిగి తిరిగితే మనము ఊరుకుంటామా? గట్టు మీద నిలబడండి. రైతు కనబడితే అడగండి. అతడు కొద్ది డబ్బు కోరితే బేరమాడక ఇవ్వండి. ప్లాస్టిక్ సంచులు, ఖాళీ సీసాలు అక్కడ పారవేయక తిరిగి బండిలోనే తెచ్చుకోండి.

అనంతగిరిలో గంటన్నర

కొన్ని సంవత్సరముల క్రితము, ఒక నవంబరు నెలలో, మా సంఘములోని నాలుగు కుటుంబములతో మేము అరకు వెళ్లి వస్తున్నాము. డ్రైవరుతో కలిపి పదమూడు మందిమి. మధ్యాహ్నము మూడున్నరకు గాలికొండ దగ్గరకు వచ్చేసరికి మేఘము దారిని కప్పివేసింది. డ్రైవరు యాభై దాటిన మనిషి. మెల్లగా అనంతగిరి వరకు దింపి, ఒక టీ దుకాణము పక్కన బండి ఆపి, తాళము తీసి జేబులో వేసుకున్నాడు.

"మంచు ఇడిపోనీండి, అయ్యగారూ. ముందరి మలుపు కాడ రాయి కనబడాల. కనబడకుండా నేను బండి కదపను" అన్నాడు.

మాలో ఒక యువకునికి ఆ రాత్రి విశాఖలో పని ఉన్నది. వెళ్లకపోతే ఒక రోజు కూలి పోతుంది. అప్పుడే పెళ్లయినవాడు, ఇంటి అద్దె కట్టవలసినవాడు. పావుగంట ఓర్చుకున్నాడు. తరువాత లేచి, "అన్నా, మిగతా బండ్లు పోతున్నాయి కదా, మనమొక్కరమే ఎందుకాగాల?" అని గట్టిగానే అడిగాడు. నిజమే, రెండు మూడు బండ్లు మా ముందే దిగిపోయాయి.

డ్రైవరు కోపపడలేదు. "నీ కూలి పోతాది బాబూ, అది నాకూ తెలుసు. నాదీ కూలే. ఆలీసమైతే ఓనరు నాకూ కోస్తాడు. గాని ఆ బండ్లలో వాళ్లు నా ప్యాసింజర్లు కారు. ఈ పదమూడు మందిమి నా లెక్క" అన్నాడు.

ఇంక ఎవరూ మాట్లాడలేదు. పిల్లలు వేడి వేడి మొక్కజొన్న పొత్తులు తిన్నారు. జీవితములో మొదటిసారి కొండ ఎక్కిన ఒక ముసలమ్మ, దుకాణము ముందు బల్ల మీద కూర్చుని, మేఘము తన చీరకొంగును తడుపుతూ పోవుట చూసి నవ్వుతూనే ఉన్నది. గంటన్నరకు మంచు లేచింది. అప్పటికి చీకటి పడింది. డ్రైవరు రెండవ గేరులోనే, ఒక బస్సు వెనుక, తొందర లేకుండా కోట వరకు దింపాడు. దారిలో మాకు ఏ ప్రమాదమూ కనబడలేదు. చెట్టు పడలేదు, కొండ జారలేదు. మా ముందు దిగిన బండ్లు కూడ క్షేమముగానే చేరి ఉంటాయి.

దీనిని ఎందుకు వ్రాస్తున్నామంటే, జాగ్రత్తకు సాక్ష్యము దొరకదు. ఆగినందువలన ఏమి తప్పినదో ఎవరూ వచ్చి చూపించరు. ఆగినవానికి మిగిలేది పోయిన కూలి, ఆలస్యమైన ఇల్లు. అందుకే ఆగుట కష్టము. ఆ యువకుని ఒక రోజు కూలిని తరువాతి ఆదివారము నాలుగు ఇళ్లవారము పంచుకుని ఇచ్చాము. అతడు వద్దన్నాడు, మేము వినలేదు. అందరి క్షేమము కొరకు ఆగినప్పుడు ఆ నష్టము ఒక్కని మీద పడకూడదు గదా.

డ్రైవరు, ప్రయాణికులు తెలుసుకోవలసినవి

ఇవి అనుభవము గల ఘాట్ రోడ్డు డ్రైవర్లకు తెలిసిన సంగతులే. ఇప్పుడు సొంత కారు కొనుక్కుని మొదటిసారి కొండకు పోయేవారు కూడ చాలామంది ఉన్నారు గనుక వివరముగా చెబుతున్నాము.

ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. దిగుడులో బండి వేగమును బ్రేకు ఒక్కటే ఆపితే, ఆ వేగమంతా వేడిగా మారి బ్రేకు చెక్కలలో చేరుతుంది. వేడెక్కిన బ్రేకుకు పట్టు తగ్గుతుంది. కాలిన వాసన వచ్చినా, పెడలు మెత్తబడినా వెంటనే సురక్షితమైన చోట బండి ఆపి అరగంట చల్లారనివ్వాలి. కాగిన బ్రేకుల మీద నీళ్లు పోయరాదు. తక్కువ గేరు వేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుకు పని తగ్గుతుంది.

పెట్రోలు, డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగువారు ఉన్నారు. ఇంజను ఆపి దిగువారు కూడ ఉన్నారు. ఇంజను ఆగితే బ్రేకుకు, స్టీరింగుకు దాని సహాయము ఉండదు. ఆదా అయ్యేది కొద్ది రూపాయలు, పణముగా పెట్టేది కుటుంబమును.

ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. బరువుతో ఎక్కుతున్న బండి ఒకసారి ఆగితే మరల కదలుట కష్టము. మలుపులో ఓవర్‌టేకు చేయరాదు. ఎదుటివాడు కనబడని మలుపులో హారను కొట్టాలి.

మంచులో హెడ్‌లైటు క్రిందికి దించి ఉంచాలి. పైకి ఎత్తిన వెలుగు మంచు తుంపరలకు తగిలి మన కళ్లకే తిరిగి కొడుతుంది. ఆపవలసి వస్తే మలుపులో ఆపకుండా, దారి విడిచి వెడల్పైన చోట ఆపి నాలుగు ఇండికేటర్లు వేయాలి.

వాన తరువాత కొండ వైపు కన్ను వేసి ఉంచాలి. చిన్న రాళ్లు దొర్లుతున్నా, అంతవరకు తేటగా పారిన నీరు ఒక్కసారి బురదగా మారినా, చెట్లు దారి వైపు కొత్తగా ఒరిగి ఉన్నా ఆ చోటు నుండి దూరము జరగాలి. అటువంటి కొండ క్రింద బండి ఆపి ఫొటోలు తీయరాదు. వాగు దారి మీదుగా పొంగి పారుతుంటే లోతు చిన్నదే కదా అని దిగరాదు. వేగముగా పారే నీరు మోకాలి లోతులో కూడ బండిని నెట్టివేయగలదు.

ప్రయాణికులకు కూడ బాధ్యత ఉన్నది. డ్రైవరును తొందర పెట్టవద్దు. అతనికి వేళకు భోజనము పెట్టండి, మధ్యాహ్నము అరగంట కన్ను మూయనివ్వండి. వాంతులు అయ్యే పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టి, దూరముగా ఉన్న కొండను చూడమనండి. కడుపు నిండా తినిపించి ఘాటు ఎక్కించవద్దు. స్వెట్టరు, గొడుగు, ముసలివారి మందులు, త్రాగునీరు చేతికి అందేటట్లు పెట్టుకోండి.

వేళ సంగతి. ఉదయము ఎనిమిది తరువాత ఘాటు ఎక్కేటట్లు బయలుదేరితే మంచు చాలా వరకు విడిచి ఉంటుంది. నవంబరు నడిమికి మన ప్రాంతములో సాయంత్రము 5 గంటల 20 నిమిషములకే సూర్యుడు అస్తమిస్తాడు. కాబట్టి మధ్యాహ్నము రెండున్నరకల్లా అరకు విడిచిపెట్టాలి. అన్నీ ఒక్కరోజులో చూడాలని పట్టుబట్టిన వారే చీకటిలో దిగవలసి వస్తుంది. బొర్రా ఒకసారి, అరకు ఇంకొకసారి చూసినా నష్టము లేదు.

ఘాట్ రోడ్డు మీద భయము ఉన్నవారికి రైలు ఉన్నది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గమును 1960వ దశకములో బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ ఓడరేవుకు చేర్చుటకు నిర్మించారు. యాభైకి పైగా సొరంగములు దాటుతూ రైలు కొండ ఎక్కుతుంది. సొరంగము వచ్చినప్పుడెల్లా పిల్లలు పెట్టే కేకలు వినుటకైనా ఒకసారి ఎక్కవలసినదే.

వెళ్లరాని రోజు

2021 ఫిబ్రవరిలో హైదరాబాదు నుండి వచ్చిన పర్యాటకుల బస్సు డముకు సమీపములో లోయలో పడి నలుగురు మరణించారు, అనేకులు గాయపడ్డారు. అది వానల కాలము కూడ కాదు. మంచి రోజులలోనే ఆ దారి అంత జాగ్రత్త కోరుతుంటే, తుఫాను రోజులలో చెప్పనక్కరలేదు.

వాతావరణ శాఖ హెచ్చరికలకు రంగులు ఉన్నాయి. పసుపు అంటే కనిపెట్టి ఉండమని, నారింజ అంటే సిద్ధముగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త చర్య తీసుకొమ్మని. నారింజ, ఎరుపు రంగులు ప్రకటించిన రోజున కొండ ప్రయాణము మానుకోవాలి. వ్యానుకు ఇచ్చిన అడ్వాన్సు పోతుందని బయలుదేరవద్దు. వ్యాను మాట్లాడేటప్పుడే, "తుఫాను హెచ్చరిక వస్తే రోజు మార్చుకుంటాము" అని యజమానితో ముందుగా ఒప్పుకుంటే ఆ చిక్కు ఉండదు. ప్రమాదము జరిగితే 108కి గాని, 112కి గాని ఫోను చేయాలి. కొన్ని చోట్ల సిగ్నలు అందదు గనుక, ఏ వేళకు ఎక్కడ ఉంటామో ఇంటివద్ద ఒకరికి చెప్పి వెళ్లాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరము దాటిన సంగతి మనలో చాలామందికి కళ్ల ముందే ఉన్నది. నగరములో చెట్టు నిలువలేదు. ఆ గాలి కొండ మీదకు కూడ పోయింది. కాఫీ తోటలకు నీడ ఇచ్చే సిల్వర్ ఓక్ చెట్లు పెద్ద ఎత్తున కూలిపోయాయి. వాటిని పట్టుకుని ఉన్న మిరియాల తీగలు, వాటి క్రింద ఉన్న కాఫీ మొక్కలు నలిగిపోయాయి. నీడ చెట్టు మరల పెరుగుటకు సంవత్సరములు పడుతుంది.

మారే వాతావరణము మనకు ఒక్క రోజు విశేషము. అక్కడి వారికి అది బ్రతుకు. కోసిన కాఫీ కాయ కళ్లములో ఆరుతుండగా వాన పడితే రంగు, వాసన చెడి ధర పడిపోతుంది. కుప్ప నూర్చిన ధాన్యము కళ్లములో తడిసిన రోజున మన ఇంటిలో ఎటువంటి మౌనము ఉంటుందో మనకు తెలుసు. ఆ కొండ ఇంటిలోనూ అదే మౌనము. అందుచేత సంతలో ఒక అమ్మ దగ్గర సీతాఫలములో, చింతపండో, మిరియాలో కొనేటప్పుడు ఆమె చెప్పిన ధరను మరీ విరిచి అడగకండి.

ప్రియ పాఠకులారా, ఈ సంవత్సరము వెళ్లేవారు వెళ్లండి. ముసలివారిని కూడ తీసుకుని వెళ్లండి, వారు మరల ఎప్పుడు చూస్తారో. బయలుదేరే ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక నిర్ణయము చేసుకోండి: డ్రైవరు ఆపుదామంటే ఆపుతాము, వెనుకకు తిరుగుదామంటే తిరుగుతాము, అందువలన ఎవరికి నష్టము వచ్చినా అందరము పంచుకుంటాము. ఈ మాట ముందే అనుకుంటే దారిలో కోపతాపములకు చోటుండదు. మంచు కమ్మితే టీ త్రాగుతూ కూర్చోండి, అది విడిపోయేవరకు పిల్లలకు కబుర్లు చెప్పండి. కొండ ఎక్కడికీ పోదు. వలిసెలు వచ్చే సంవత్సరము కూడ పూస్తాయి.